తొమ్మిది మిల్లీమీటర్లు పైకి

సూది బాబాయ్ నూట ముప్పై ఆరో బిళ్లను బోర్లించి, దాని వీపు మీద రెండుచోట్ల టంకం పట్టించే వెలిగారం తడి అద్దాడు. ఎడమచేతి శ్రావణంతో సూది తిరిగే సన్నటి బందును పట్టి నిలబెట్టి, కుడిచేత్తో మంటను దగ్గరికి తెచ్చాడు. వెలిగారం ముందు పాలలా పొంగి, తర్వాత గాజులా కరిగింది. టంకం ముక్క కాసేపు మొండికేసి, ఉన్నట్టుండి మెరిసి బందు కిందికి పారింది. మంట తీసేశాడు. అంతసేపూ ఆయన ఊపిరి పీల్చలేదు. ముప్పై ఒక్కేళ్లుగా రోజంతా ఇలా ఊపిరి బిగబట్టిన మనిషి కాబట్టి ఆయన అసలు వయసులోంచి రెండు మూడేళ్లు తీసేసి చెప్పుకోవచ్చని పాలిష్ గదిలో ఒక జోకు ఉంది.

బిళ్ల చల్లారాక తుడిచి, కిటికీ వెలుగులోకి పట్టి, వెనుక చెక్కిన పేరును చదివాడు. పైకి వినపడదు గాని పెదవులు కదులుతాయి. ఈ విడతలో ప్రతి బిళ్ల వెనుకా ఒక పేరుంటుంది. అది యుద్ధంలో పోయినవాడి పేరు. బిళ్ల మాత్రం వాడి తల్లికో, తండ్రికో, భార్యకో వెళుతుంది. కాగితాల మీద దాన్ని గౌరవ పతకం అంటారు, కార్ఖానాలో బిళ్ల అంటారు. చెక్కుడు గది నుంచి పేర్లతో వచ్చిన వెండి బిళ్లలకు సూదీ కొక్కెమూ అతకడం ఆయన పని. అందుకే ఆయన సూది బాబాయ్ అయ్యాడు. అసలు పేరు హాజరు పట్టీ రాసే గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ గుమస్తా కూడా ఎదురుపడితే బాబాయ్ అనే పిలుస్తాడు.

మనిషి పొట్టి. ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్లు కిందికి ఉంటుంది. అన్నేళ్లు బల్ల మీదికి ఒకవైపే వంగితే ఎవరికైనా అంతే. కనుబొమలు సగం మంటకు కాలిపోయాయి, మిగిలిన సగం తెల్లబడ్డాయి. దాంతో ఆయన ముఖం ఎప్పుడూ ఏదో వింత విన్నట్టే ఉంటుంది, నిజానికి ఆయన్ని ఆశ్చర్యపరచడం అంత తేలిక కాదు. కళ్లజోడు కాడ ఒకప్పుడు విరిగితే తానే అతుక్కున్నాడు. ఆ అతుకు ఎక్కడుందో చూపించమంటే ఇప్పుడు ఎవరూ చూపించలేరు. ఆయన పనితనం అలాంటిది.

సూది అతికిన బిళ్లను ఆయన నేరుగా పెట్టెలో పెట్టడు. ముందు 'అమ్మగారికి' పెడతాడు. అమ్మగారంటే బల్ల మూలన నిలబెట్టిన జానెడు కొయ్యదిమ్మె. దాని మీద దూది పరిచి, వాడి వాడి మెత్తబడిన తెల్లటి నూలుగుడ్డ చుట్టి, వెనుక మేకులు కొట్టి ఉంటుంది. బిళ్లను ఆ గుడ్డకు గుచ్చి, చెయ్యి వదిలి, ఇరవై అంకెలు లెక్కపెట్టి, ఎలా నిలబడిందో చూస్తాడు. "అమ్మగారికి పెట్టావా బాబాయ్?" అని అడగడం ఆ కార్ఖానాలో అందరికీ అలవాటు. కొత్తగా చేరినవాళ్లు ఆవిడెవరో పెద్దాఫీసరు అనుకుని వారం పది రోజులు భయభక్తులతో తిరిగిన సందర్భాలు ఉన్నాయి.

నూట ముప్పై ఆరో బిళ్ల అమ్మగారి మీద నిటారుగా నిలబడింది. ఆయన ఇరవై దాకా లెక్కపెట్టి తీసి పెట్టెలో పెట్టాడు. ఇంకా నాలుగు మిగిలాయి.

అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. పదింటికి తనిఖీ అధికారి వస్తాడు. సాయంత్రం అయిదింటికి కవాతు మైదానంలో నూట నలభై మందిని వరసగా నిలబెట్టి ఈ బిళ్లలు ఇస్తారు. ఉద్యోగ విరమణ వయసు దాటిపోయినా, ఈ నూట నలభై పూర్తయ్యేదాకా అని బాబాయ్‌కి ఆరు వారాలు పొడిగించారు. అంటే ఆఖరి బిళ్ల పెట్టెలోకి వెళ్లిన రోజే ఆయనా గేటు బయటికి వెళతాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు. దాపరికం అంతా సూదిలో ఉంది. నమూనా పటం ప్రకారం సూది బిళ్లకు సరిగ్గా మధ్యగీత మీద ఉండాలి. బాబాయ్ ఈ ఆరు వారాలూ ప్రతి సూదినీ తొమ్మిది మిల్లీమీటర్లు పైకి అతికాడు. పొరపాటున కాదు, ఎవరినీ అడక్కుండా, తెలిసి తెలిసి అతికాడు.

పాలిష్ అమ్మాయి తన గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అమ్మాయి అనేది బాబాయ్ పిలుపు. ఆవిడకు నలభై ఎనిమిదేళ్లు, కూతురికి పెళ్లయింది.

"ఇంకా నాలుగేనా బాబాయ్?"

"నాలుగే."

"పదింటికి ఆయనొస్తాడు, కొలబద్ద తెస్తాడు. నాకు పొద్దుట్నుంచి టీ చుక్క గొంతు దిగట్లేదు."

"నీకెందుకమ్మాయ్ భయం? నీ బిళ్లలు తళతళలాడుతున్నాయి. తప్పు నా సూదులది."

"నా సంగతి కాదు. ఆయన వాపసు కొట్టాడనుకో, సాయంత్రం వాళ్లకి ఖాళీ పెట్టెలివ్వాలి. నూట నలభై మంది. ఎక్కడెక్కడినుంచో బయల్దేరి ఉంటారు ఈపాటికి. అది ఆలోచించావా?"

బాబాయ్ మంట సన్నగా చేశాడు. "ఆరు వారాలుగా నేను వేరే ఏదైనా ఆలోచించానా?" అన్నాడు.

ఆవిడ తన గది వైపు తిరిగింది. కానీ వెళ్లలేదు. నూట ముప్పై ఏడో బిళ్లకు టంకం పారేదాకా అక్కడే నిలబడి, తనకు తెలియకుండానే తానూ ఊపిరి బిగబట్టింది.

ఈ తొమ్మిది మిల్లీమీటర్ల కథకు ముప్పై నాలుగేళ్లు. అప్పుడు బాబాయ్‌కి ఇరవై ఆరు. కళ్లజోళ్ల దుకాణంలో విరిగిన కాడలు అతికేవాడు. ఆయన కన్నా అయిదేళ్లు పెద్దయిన అన్న సరిహద్దుకు వెళ్లాడు, తిరిగి రాలేదు. అయిదు నెలలకు ప్రభుత్వం వారు పిలిచి గౌరవం చేశారు. అప్పట్లో ఇంటికి ఒక్క బిళ్లే, అదీ తల్లి బతికుంటే తల్లికే. కాబట్టి అమ్మ మైదానంలో వరసలో నిలబడింది. అన్న భార్య, అంటే బాబాయ్ వదిన, ఇరవై ఏడేళ్ల మనిషి, జనాన్ని ఆపడానికి కట్టిన తాడుకు ఇవతల మరిది పక్కన నిలబడింది. ఆమెకు కుర్చీ కూడా వేయలేదు.

ఒక అధికారి వచ్చి అమ్మ ఎడమ చేతికి చుట్టిన ప్రశంసాపత్రం ఇచ్చి, ఛాతీ మీద బిళ్ల గుచ్చి, సెల్యూట్ చేసి పక్కావిడ దగ్గరికి వెళ్లాడు. బ్యాండు మొదలైంది. ఆ బిళ్ల సూది సైనికుల మందపాటి కోటు కోసం గీసిన పటం ప్రకారం పెట్టింది. మధ్యలో సూది ఉంటే కోటు మీద బిళ్ల బాగానే నిలబడుతుంది. వాడి వాడి పలుచబడిన నూలుబట్ట మీద మాత్రం పై సగం బరువుకు ముందుకు వాలి, నేలచూపులు చూస్తుంది, బట్టను లాగుతుంది. అమ్మ దాన్ని సరిచేసింది. మళ్లీ వాలింది. మళ్లీ సరిచేసింది. బట్ట పర్రున చిరగడం మొదలయ్యేసరికి కుడి అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంది. అటూ ఇటూ ఉన్న తల్లులందరిదీ అదే అవస్థ. ఏడు నిమిషాలపాటు వాళ్లంతా అలాగే నిలబడ్డారు. ఎడమ చేతిలో పత్రం, అది మడవకూడదు, కింద పెట్టకూడదు. కుడి చేతి కింద బిళ్ల. కళ్లలోంచి నీళ్లు కారి, గడ్డం మీదుగా మెడలోకి పోతుంటే తుడుచుకోవడానికి ఒక్కరికీ మూడో చెయ్యి లేదు.

బాబాయ్ తాడు దాటబోయాడు. కాపలావాడు మర్యాదగానే ఆపాడు.

మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. గుండెల మీద చేతులు వేసుకుని, కన్నీరైనా తుడుచుకోని వీరమాతలు అని కింద రాశారు. దేశమంతా ఆ ఫొటో చూసి కదిలిపోయింది. దాన్ని పాఠ్యపుస్తకాల్లో వేశారు, ఆఫీసుల్లో చట్రం కట్టించారు. ఆ తర్వాతి వేడుక నుంచి ఆహ్వానపత్రం వెనుక సూచనల్లో ఒక వాక్యం చేరింది: 'పతకం స్వీకరించిన పిదప కుడి హస్తమును హృదయముపై ఉంచవలెను.' ఓ సూది చోటు తప్పినందుకు పుట్టిన అవస్థ అలా సంప్రదాయమై కూర్చుంది.

వేడుక జరిగిన సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ బిళ్ల తీసి డబ్బాలో పెట్టేసింది. మళ్లీ ఎప్పుడూ పెట్టుకోలేదు. ఒక్క మాట మాత్రం అంది. "వదిలేస్తే కింద పడిపోతుందేమోనని భయమేసిందిరా. వాణ్ణి ఎలాగూ పట్టుకోలేకపోయాను, ఇదన్నా పట్టుకుందామని." ఆ మాట బాబాయ్ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఏడాది తిరక్కుండా కళ్లజోళ్ల దుకాణం మానేసి ఈ కార్ఖానాలో చేరాడు. సూదులు అతికే బల్ల ఖాళీ అయ్యేదాకా రెండేళ్లు ఆకురాయి పట్టి అంచులు నునుపు చేశాడు.

ఇక్కడే ఆయన్ని ఒక మాట అనాలి. బల్ల చేతికొచ్చాక ఆయన సూదిని పైకి జరిపేశాడా అంటే, లేదు. ఇంట్లో అమ్మ, వదిన ఉన్నారు. ఉద్యోగం పోతే ముగ్గురూ గాలి తిని బతకాలి. అందుకని పటం మార్చమని పైవాళ్లకు ఉత్తరం రాశాడు. 'మీ సూచన పరిశీలనలో ఉన్నది' అని జవాబొచ్చింది. అలా పదకొండు ఉత్తరాలు రాశాడు, పదకొండు జవాబులూ అక్షరం తేడా లేకుండా ఒకటే. ఈలోగా సైనికుల బిళ్లల మధ్య నాలుగైదేళ్లకోసారి కుటుంబాల బిళ్లలు వస్తూనే ఉన్నాయి. ఆయన మధ్యగీత మీద సూది అతుకుతూనే ఉన్నాడు. అమ్మ పోయాక ఆవిడ ఆనాడు కట్టుకున్న బట్టలోంచి ఛాతీ దగ్గరి ముక్క తీసుకుని ఆ దిమ్మెకు చుట్టాడు. ప్రతి బిళ్లనూ దానికి పెట్టి, వాలిపోవడం కళ్లారా చూసి, పెట్టెలో పెట్టి పంపేశాడు. వాలిందని ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకంలో మూడొందల పన్నెండుసార్లు 'వాలింది' అని ఉంది. మనిషి పనిలో వంక లేదు గాని, మనసులో మూడొందల పన్నెండు వంకలు ఉన్నాయి.

ఈసారి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇంటికి ఒకటి కాదు, తల్లికీ తండ్రికీ భార్యకూ ఎవరిది వాళ్లకే ఇవ్వాలని, పాతవాళ్లకు కూడా వర్తిస్తుందని. వదినకు ఆహ్వానం వచ్చింది. అరవై ఒకటో ఏట ఆమె ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నాళ్లకి నా అడ్రసు దొరికిందన్నమాట," అని నవ్వింది. తర్వాత కుట్టుమిషను ముందు కూర్చుని చాలాసేపు పెడలు తొక్కింది. దారం ఎక్కించలేదన్న సంగతి బాబాయ్ గమనించాడు. స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి బట్ట సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమే అట్టముక్క ఒకటి గుండ్రంగా కత్తిరించి, సుద్దముక్కతో గీత గీసి చూపించింది. "సూది ఇక్కడుండాలి అబ్బాయ్. బరువు కిందికి పోతే అదే నిలబడుతుంది." అరవై ఏళ్ల మనిషిని ఇంకా అబ్బాయ్ అనే హక్కు లోకంలో ఆమె ఒక్కదానికే ఉంది. ఆ గీత మధ్యగీతకు తొమ్మిది మిల్లీమీటర్లు పైన ఉంది.

యాభై రెండో బిళ్ల వెనుక అన్న పేరు వచ్చింది. బాబాయ్ దానికీ అందరిదానిలాగే వెలిగారం అద్దాడు, అందరిదానిలాగే టంకం పోశాడు. ఒక్కటే తేడా, ఆ రోజు దాన్ని అమ్మగారి మీద పెట్టి మధ్యాహ్నం టీ వేళ దాకా తీయలేదు. పాలిష్ అమ్మాయి చూసి కూడా చూడనట్టే వెళ్లిపోయింది.

పదింటికి అయిదు నిమిషాలుండగా నూట నలభయ్యో బిళ్ల పెట్టెలో పడింది. పదింటికి తనిఖీ అధికారి వచ్చాడు. మనిషి పొడుగు, నలగని కోటు, నలగని ముఖం. చెడ్డవాడు కాదు. కొలత తప్పిన వస్తువు లోకంలో తిరుగుతోందంటే నిద్రపట్టని మనిషి, అంతే. అతని వెనకే ఫోర్‌మన్ వచ్చాడు. ఫోర్‌మన్‌కు సంగతి ఎప్పటినుంచో తెలుసు. తెలియనట్టు ఉండడానికి ఈ ఆరు వారాలూ బాబాయ్ బల్ల వైపు రావడమే మానేశాడు. ఇప్పుడు కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు, అక్కడ చూడటానికి ఏమీ లేకపోయినా.

అధికారి మొదటి బిళ్ల తిప్పి కొలబద్ద పెట్టాడు. రెండోది పెట్టాడు. పదో దాని దగ్గర ఆగాడు.

"తొమ్మిది మిల్లీమీటర్లు పైకి ఉంది," అన్నాడు. "అన్నీ ఇంతేనా?"

"అన్నీ అంతేనండి," అన్నాడు బాబాయ్.

"ఎవరు మార్చమన్నారు?"

"ఎవరూ అనలేదండి. అనమని పదకొండుసార్లు రాశాను. ఇది నేనొక్కణ్ణే చేశాను, ఫోర్‌మన్ గారికి సంబంధం లేదు."

ఫోర్‌మన్ కప్పు మీంచి చూపు దించి నేలమీద పెట్టాడు.

"ముప్పై మూడేళ్లలో మీ పని మీద ఒక్క ఎర్రగీత పడలేదు," అన్నాడు అధికారి. అతని గొంతులో కోపం కంటే దిగులు ఎక్కువగా ఉంది. "వెళ్లిపోయే రోజున ఇదేంటండి? నేను వీటిని ఎలా పంపను?"

బాబాయ్ సొరుగు లాగి పాత నమూనా బిళ్ల ఒకటి తీశాడు. పటం ప్రకారం చేసింది, మధ్యగీత మీద సూది ఉన్నది. "ఒకసారి పెట్టుకుని చూస్తారా అండి?"

అధికారి దాన్ని కోటుకు గుచ్చుకున్నాడు. బిళ్ల దర్జాగా నిలబడింది. "బ్రహ్మాండంగా ఉంది కదా," అన్నాడు.

"కోటు మీద ఉంటుందండి. కోటు వేసుకున్నవాళ్లు తిరిగి రాలేదు. సాయంత్రం వచ్చేది వాళ్ల అమ్మలూ, నాన్నలూ, భార్యలూ."

పక్కగదిలో పాలిష్ మోటారు ఆగిపోయింది. అధికారి కోటు విప్పి ఫోర్‌మన్ చేతికిచ్చాడు. లోపలి చొక్కా పలుచటిది. దానికి బిళ్ల గుచ్చుకున్నాడు. బాబాయ్ ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి అతని ఎడమ చేతిలో పెట్టాడు.

"ఇది ప్రశంసాపత్రం అనుకోండి. మడవకూడదు, కింద పెట్టకూడదు. బ్యాండు ఏడు నిమిషాలు. నిటారుగా నిలబడాలి."

మొదటి నిమిషం ఏమీ కాలేదు. రెండో నిమిషంలో బిళ్ల తల వాల్చింది. అతను సరిచేశాడు. మళ్లీ వాలింది, చొక్కా మెడ పక్కకు లాక్కుపోయింది. మళ్లీ సరిచేశాడు. నాలుగో నిమిషానికి అతని కుడి అరచెయ్యి తనంతట తానే లేచి ఛాతీ మీద అదిమి ఉండిపోయింది. గదిలో ఎవరూ నవ్వలేదు.

"సార్," అన్నాడు బాబాయ్ నెమ్మదిగా. "ఇప్పుడు కళ్లు తుడుచుకోండి."

అధికారి తన ఎడమ చేతిలోని కాగితం చూసుకున్నాడు. కుడి చేతి వైపు చూసుకున్నాడు. ఏ చెయ్యీ కదల్లేదు.

"మీ ఆఫీసులో ఆ ఫొటో ఉందనుకుంటానండి. ఎడమనుంచి మూడో ఆవిడ మా అమ్మ."

అధికారి పాత బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టెలోంచి కొత్తది ఒకటి తీసి అదే చొక్కాకు గుచ్చుకుని, చేతులు రెండూ కిందికి వదిలి, గోడగడియారం చూస్తూ నిలబడ్డాడు. ఏడు నిమిషాలు పూర్తిగా నిలబడ్డాడు. అతను అన్నీ కొలిచే మనిషి కదా. బిళ్ల కదల్లేదు. పాలిష్ అమ్మాయి గడపలో నిలబడి, పెదవుల మధ్య పెట్టుకున్న గుడ్డ అంచును కొరికేసింది.

చివరికి అతను తనిఖీ పుస్తకం తెరిచి, వ్యాఖ్యల గడిలో రాశాడు. 'సూది స్థానంలో తేడా ఉన్నది. ధరించువారి బట్టకు తగినది. ఆమోదించడమైనది.' కింద సంతకం చేశాడు.

"పటం మారేదాకా ఇది తప్పే," అన్నాడు కోటు వేసుకుంటూ. "నా సంతకం కూడా తప్పే."

"అవునండి."

"మీరైతే రేపట్నుంచి రారు. నేను రావాలి."

"అదీ నిజమేనండి," అన్నాడు బాబాయ్. ఆ మాటకు అధికారి ఇంచుమించు నవ్వాడు. పెట్టెలు లెక్క చూసుకుని తీసుకెళ్లాడు.

మధ్యాహ్నం దాకా బాబాయ్ బల్ల శుభ్రం చేశాడు. శ్రావణాలు వరసగా పేర్చాడు, మంటగొట్టం మూతి తుడిచాడు, మిగిలిన వెలిగారం సీసాకు మూత బిగించాడు. ఒంటిగంటకు అందరూ పోగయ్యారు. ఫోర్‌మన్ నాలుగు ముక్కలు మాట్లాడాలని లేచి, రెండో ముక్క దగ్గరే ఆగి కూర్చున్నాడు. ఒక గోడగడియారం బహూకరించారు. ఇకమీదట టైము చూసుకోవాల్సిన పనే లేని మనిషికి గడియారం ఇచ్చే తెలివి ఎవరిదని పాలిష్ అమ్మాయి అడిగితే అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆవిడ కళ్లొత్తుకోవడం ఎవరూ చూడలేదు.

రేపటినుంచి ఈ బల్ల ఆవిడదే. టంకం పని ఆవిడకు ఎప్పుడో నేర్పాడు. గడియారం చంకలో పెట్టుకుని ఆయన లేస్తుంటే, ఆవిడ దిమ్మెను చూపించింది.

"అమ్మగారిని తీసుకెళ్లవా బాబాయ్? మీ అమ్మ బట్ట కదా."

బాబాయ్ దిమ్మె మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. "ఆవిడకి ఇక్కడ పనుందమ్మాయ్," అన్నాడు.

గేటు దగ్గర సంతకం పెట్టి, తాళంచెవి అప్పగించి, రోజూలాగే ఎడమ భుజం వంచుకుని రోడ్డు దాటాడు. ముప్పై మూడేళ్ల ఉద్యోగం అలా ఏ చప్పుడూ లేకుండా అయిపోయింది.

అయిదింటికి మైదానంలో వదిన రెండో వరసలో నిలబడింది. బూడిదరంగు నూలుబట్టలు, తానే కుట్టుకున్నవి. బాబాయ్ తాడుకు ఇవతల నిలబడ్డాడు. ఈసారి పక్కన ఎవరూ లేరు. అధికారి ఒకరు వదిన ఎడమ చేతికి పత్రం ఇచ్చి, ఛాతీ మీద బిళ్ల గుచ్చి, సెల్యూట్ చేశాడు. కుడి హస్తమును హృదయముపై ఉంచవలసిందిగా మైకులో చెప్పారు. నూట నలభై చేతులు బుద్ధిగా లేచాయి. వదిన చెయ్యి కూడా లేచింది. బ్యాండు మొదలైంది.

బాబాయ్ రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. మొదటి నిమిషం గడిచింది. రెండో నిమిషం గడిచింది. మూడో నిమిషంలో వదిన తల వంచి బిళ్ల వైపు చూసుకుని, చెయ్యి తీసేసింది. బిళ్ల వాలలేదు. ఇంకాసేపు చూసింది. నిటారుగానే ఉంది. అప్పుడామె ఆ చేత్తో కుడి కన్ను తుడుచుకుంది, తర్వాత ఎడమ కన్ను తుడుచుకుంది. ముప్పై నాలుగేళ్లుగా జనంలో ఏడవని మనిషి, తీరిగ్గా ముక్కు కూడా తుడుచుకుంది. పక్కనున్న ముసలావిడ అది చూసి తనూ చెయ్యి దించి కళ్లు ఒత్తుకుంది. ఆ పక్కన ఒక తండ్రి చెయ్యి దించాడు. ఒకరిని చూసి ఒకరు, వరస పొడుగునా చేతులు దిగాయి. కొందరు కళ్లు తుడుచుకున్నారు. కొందరు పక్కవాళ్ల చెయ్యి పట్టుకున్నారు. ఆ పాత ఫొటోలాంటిదే కావాలనుకున్న ఫొటోగ్రాఫరు చేతులు పైకి, పైకి అని దూరం నుంచి సైగలు చేశాడు. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

బాబాయ్ ముఖమంతా తడిసిపోయింది. తన చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయని, తుడుచుకోవచ్చని ఆయనకు తోచలేదు. తాడు వదలకుండా, బ్యాండు ఆగేదాకా వదిననే చూస్తూ నిలబడ్డాడు.

ఆ వేళకు కార్ఖానాలో పాలిష్ అమ్మాయి కిటికీలు మూసి, దీపాలు ఆర్పి వెళ్లిపోయింది. బల్ల మూలన కొయ్యదిమ్మె ఉంది. దాని తెల్లగుడ్డ మీద వందల సూదిపోట్లు, వాటి మధ్య ముప్పై నాలుగేళ్ల నాటి ఒక చిరుగు, వదిన నల్లదారంతో దగ్గర దగ్గరగా వేసిన కుట్లు.